అందరికీ ఒకటో పేజీ

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో సాయన్న డీటీపీ సెంటరుకు రెండు రకాల మనుషులే వస్తారు. పెళ్లిపత్రిక కొట్టించుకునేవాళ్లు, దశదినకర్మ కార్డు కొట్టించుకునేవాళ్లు. ఈ రెండింటి మధ్య మనిషి బతుకులో అచ్చు వేయదగ్గది ఏదీ జరగదని మావాళ్ల గట్టి నమ్మకం.

సాయన్నకు మాత్రం పుస్తకం చేయాలని పిచ్చి. కవిత్వమో కథలో అయితే ఎవరైనా జాలిపడేవారు. ఆయనకు కావలసింది యంత్రాల వెంట వచ్చే వివరాల పుస్తకం. ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి నుంచి తెరుస్తాడు. ఏ విషయం ఏ పేజీలో ఉందో అక్షరాల వరుసలో చెప్పే సూచిక ఉంటే కళ్లకద్దుకుంటాడు. లేకపోతే తలుపు పెట్టని ఇల్లు కట్టారని కట్టినవాణ్ణి తిడతాడు. "మిక్సీ కాలిపోతే పాత సామాన్లోనికి ఏసినం. దాని బుక్కు మాత్రం బీరువల ఉంది" అంటుంది ఆయన భార్య సుధారాణి.

సుధారాణి అన్న దుబాయిలో ఉంటాడు. అక్కడ ఒక ఆఫీసులో బావకు టైపింగు పని మాట్లాడి, పాస్‌పోర్టు కాపీ పంపమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. పెళ్లిపత్రికలు కూడా ఫోన్లలోనే తిరుగుతున్న కాలం. షాపులో కుర్చీకి తప్ప ఎవరికీ పని లేదు. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి నుంచి వరికోత మిషన్ల యజమానుల సంఘం కబురు పంపింది. డ్రైవర్ల కోసం ఒక పుస్తకం వేస్తారట. దసరాకు ఆయుధపూజలో మిషన్ల ముందు పెట్టి విడుదల చేస్తారట.

"గీ ఒక్క బుక్కు కానియ్యి. తర్వాత పోమంటె పోత" అన్నాడు సాయన్న.

"ఎవడు చదువుతడయ్యా దాన్ని? తెరిచి చూసినోడు ఒక్కడు దొరికినా నేను మల్ల దుబాయి ముచ్చటే ఎత్త. పో!"

అలా పందెం పడింది. ఒక మనిషి కాపురం, షాపు, ఊరు, అన్నీ కలిసి ఒక్క పాఠకుడి మీద ఆధారపడ్డాయి. మన దేశంలో ఇంత తెలివితక్కువ పందెం రాజకీయాల్లో కూడా ఎవరూ కాయరు.

ఎల్లారెడ్డిలో సంఘం గదికి పోతే అక్కడ యుద్ధం నడుస్తోంది. పుస్తకంలో ఆరు అధ్యాయాలు. ఒక్కో అధ్యాయానికి ఒక్కో దాత. దాత ఫోటో అధ్యాయం మొదట్లో వేయాలి. మరి ఒకటో పేజీలో ఎవరి ఫోటో? అధ్యక్షుడు దివాకర్, కోశాధికారి సిద్దిరాములు ఈ విషయం మీద మాటలు మానేసి చాలా రోజులైంది.

సాయన్న తన పద్ధతి చెప్పాడు. పుస్తకమంతా ఒకే వరుసన నంబర్లు వేయకూడదు. ఏ అధ్యాయం పేజీలు ఆ అధ్యాయానికే లెక్క. "3-4 అంటే మూడో అధ్యాయం, నాలుగో పేజీ. మన ఇంటి నంబరు లెక్క. ముందు వార్డు, ఎనుక ఇల్లు. కొత్త మోడలు మిషన్ వచ్చిందనుకో, ఆ ఒక్క వార్డే కూలగొట్టి కట్టుకుంటం. మిగిలిన ఊరు కదలది."

ఊరు కదలకపోవడం ఎవరికీ పట్టలేదు. దివాకర్‌కు ఇంకోటి తట్టింది.

"అంటె నాకు ఒకటో పేజీ, సిద్దిరాములుకు గూడ ఒకటో పేజీ?"

"ఆరుగురికీ ఒకటో పేజీయే అన్న."

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా! ఉత్తగ కొట్టుకు సచ్చినం కదనయ్యా!"

అప్పుడే చాయ్ తెప్పించారు.

ఇక సూచిక. సాయన్న వాడే పాత తెలుగు ఫాంటు అక్షరాలను కంప్యూటరు తనంతట తాను వరుసలో పెట్టలేదు. అందుకని కాగితం ముక్కల మీద ఒక్కో మాటా రాసి, ఇంట్లో నేల మీద పరిచి, అ నుంచి హ దాకా చేత్తోనే పేర్చాడు. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయనివ్వలేదు. సుధారాణి కొంగుతో విసురుకుంటూ, దుబాయిలో ఏసీ గురించి గోడకు చెప్పింది.

సూచిక చూసి దివాకర్ మొహం మాడ్చుకున్నాడు. "నా పేరేది?"

"అన్న, దాంట్ల మిషన్ పార్టులే ఉంటయి."

"నేను లేకుంటె మిషన్లు నడుస్తయా?"

అలా డీజిల్ ఫిల్టరుకూ దుమ్ము జాలీకీ మధ్యన దివాకర్ చేరాడు.

దసరా ముందు అసలు దెబ్బ తగిలింది. అందరికీ ఒకటో పేజీ దక్కినా, తనది ఐదో అధ్యాయమని సిద్దిరాములుకు ఎవరో గుర్తు చేశారు. ఆయన అలిగాడు. టైర్లు, చైన్ల గురించిన ఆయన ఐదో అధ్యాయాన్ని రెండుకు తెచ్చి, రెండులోని బెల్టుల అధ్యాయాన్ని ఐదుకు పంపారు. పేజీల నంబర్లు మార్చడం తేలికే. కానీ సూచిక చివరి పేజీలు అప్పటికే అచ్చయిపోయాయి.

"ఎనుక పేజీలు ఎవడు చూస్తడయ్యా?" అన్నాడు దివాకర్.

సాయన్న ప్రాణం ఒప్పలేదు. సరైన నంబర్లతో చిన్న కాగితం కొట్టి, పైన 'తప్పొప్పులు' అని వేసి పట్టుకుపోయాడు. ఆయుధపూజ నాడు తప్పు అనే మాట మిషన్ ముందు పెడితే అరిష్టమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తప్పు లోపల ఉంటే ఏ అరిష్టమూ లేదు.

పుస్తకానికి పసుపు, కుంకుమ పెట్టారు. మీద నిమ్మకాయ కోశారు. ఒక్కో డ్రైవరూ తన పుస్తకాన్ని కవరు కూడా విప్పకుండా సీటు కింద భక్తిగా దాచుకున్నాడు. దేవుడి పటానికి పట్టిన గతి పుస్తకానికి పట్టిందంటే, మావాళ్లు దాన్ని గౌరవించినట్టే.

కోతలు మొదలయ్యాయి. పుస్తకం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆరుగురు దాతలూ తమ తమ ఒకటో పేజీలను ఫోటో తీసి ఫోన్లో పెట్టుకున్నారు. సాయన్న బీరువాలోంచి పాస్‌పోర్టు తీశాడు. దాన్ని కింద షాపులో కాపీ చేస్తుండగా ఫోన్ మోగింది.

"పుస్తకం ఎనుక నంబరున్న సాయన్నవు నువ్వేనా? నేను నాగిరెడ్డిపేటకెల్లి, మిషన్ డ్రైవర్ బాలకృష్ణను. నీకేమన్న బుద్ధుందా?"

సాయన్న లేచి నిలబడ్డాడు. "ఏమైంది తమ్మీ?"

"బెల్టు తెగి మిషన్ మడిల నిలవడ్డది. రైతు నెత్తి మీద కూసున్నడు. బెల్టు కోసం ఎనుక చూస్తె 2-6 అని ఉంది. ఆ పేజీల టైరుంది. రెండో అధ్యాయం మొదటికెల్లి చూస్తె ఏముంది? సిద్దిరాములు, ఆయన పెండ్లాం, ఆయన కుక్క! ముగ్గురు నవ్వుతున్నరు. ఎవల్ని పట్టి బిగియ్యాలె బెల్టు జాగల?"

"ఆగాగు తమ్మీ, ఒక్క నిమిషం. మల్ల మొదటికెల్లి తిట్టు" అని సాయన్న ఫోన్ స్పీకరులో పెట్టి, మెట్లెక్కి పై ఇంట్లోకి ఉరికాడు. అక్కడ సుధారాణి చిక్కుడుకాయలు తుంచుతోంది. బాలకృష్ణ మొహమాటపడే మనిషి కాదు. మొదటి నుంచి, మరో రెండు మాటలు చేర్చి తిట్టాడు.

"5-6 తియ్యి తమ్మీ."

ఫోన్లో కాగితాలు కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత మెత్తబడిన గొంతు. "ఆఁ, దొరికింది. బొమ్మ మంచిగనే ఉంది. ఇంత బొమ్మ ఏసినోనివి, నంబరు ఏసుడు రాదా నీకు?"

ఫోన్ పెట్టేశాక సాయన్న మొహం సన్మానం జరిగినవాడిలా వెలిగిపోతోంది.

"తిట్టినోడు గూడ చదివిన లెక్కనేనా?" అంది సుధారాణి.

"చదవకుంటె తిట్టడానికి వానికేం దొరుకుతది?"

ఆమె ఒక చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. "అన్నకు నువ్వే చెప్పు. నాకు సిగ్గయితది."

సాయన్న అప్పుడే సంచిలోంచి కాగితం ముక్కలు తీసి నేల మీద పరుస్తున్నాడు. ఈసారి సూచిక నంబర్లు సరిచేయాలి. ఎవరు అచ్చు వేయిస్తారో, ఎప్పుడు వేయిస్తారో ఆయనకే తెలియదు. 'దివాకర్' అని ఉన్న ముక్క ఎగిరి పోయి బీరువా కింద దూరింది. సుధారాణి లేచి, ఏదో గొణుక్కుంటూ ఫ్యాను బందు చేసింది.