పసుపు అంటిన వైరు

పోయిన వారం పొద్దున్నే కోదాడ నుంచి ఫోను వచ్చింది. మా బావమరిది ఇక లేడు. అవతల వాళ్ళు పెట్టేశాక కూడా నా భార్య చాలాసేపు ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.

సాయంత్రానికి కోదాడలో శవం దగ్గరికి మిర్యాలగూడ రైసుమిల్లు మేనేజరు పూలదండతో వచ్చి, "బంగారమసొంటి మనిషి" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ బంగారాన్ని బయట పారేసిన చెయ్యి ఆయనదే.

రాష్ట్రం విడిపోకముందు సంగతి. ఆ మిల్లులో నేను లెక్కలు రాసేవాణ్ణి, మా బావమరిది కంప్యూటర్లు చూసేవాడు. లెక్కలన్నీ పక్క గదిలోని స్టోరేజీ పెట్టెకు వైరు మీద వెళ్ళేవి. ఆ రాకపోకలతోనే సర్వరు, అంటే మిల్లు మొత్తానికి పెద్ద కంప్యూటరు, అలసిపోయేది. మా వాడు అందులో కొత్త నెట్‌వర్క్ కార్డు బిగించి, దానికి అడ్రసు ఇచ్చి, స్టోరేజీ పేరు చెప్పి, మోత పనంతా దానికే అప్పగించాడు.

"మేస్త్రితోని బస్తాలు మోయిస్తే పని ఎవడు సూస్తడు బావా? గీ కార్డే మన హమాలి" అన్నాడు.

ఆ హమాలి కోసం డేటాను పెద్ద మూటలుగా కట్టించాడు. అవి పట్టేలా దారిలో, వైర్లన్నీ కలిసే పాత స్విచ్చి పెట్టె పక్కనే, కొత్త స్విచ్చి పెట్టాడు. కార్డు మీద పచ్చ దీపం మినుకుతుంటే, వాగు చప్పుడు వింటున్నవాడిలా కూర్చునేవాడు.

దసరా ఆయుధపూజకు మేనేజరు స్వయంగా వైర్లు పీకి, దుమ్ము దులిపి, పెట్టెలకు పసుపు రాసి, బంతిపూలు చుట్టాడు. మళ్ళీ తానే గుచ్చాడు.

పండుగ తెల్లారి సర్వరు లేచింది. స్టోరేజీ కనిపించింది. చిన్న చిట్టీలు బాగానే వెళ్ళాయి. పెద్ద ఫైలు తెరిస్తే మాత్రం అక్కడే నిలిచిపోయింది. గేటు బయట వడ్ల ట్రాక్టర్లు ఆగిపోయాయి.

"ఆ కార్డు పీకి పారెయ్" అని మేనేజరు అరిచాడు.

"కార్డు మంచిగనే ఉన్నది సార్. చిన్న మూట పోతున్నది, పెద్దది పోతలేదు. తొవ్వల ఏడనో ఇరుకైంది."

"అయితే నీ మూట సర్దుకో ఇగ!" అన్నాడు, రైతులందరి ముందు.

మా వాడు గోడ వెంట వైరును తడుముతూ కలలో నడిచినట్టు నడిచాడు. బంతిపూలు పక్కకు జరిపాడు. వైరు పాత స్విచ్చిలో ఉంది, చిన్న మూటలే పట్టే దాంట్లో. ప్లగ్గు మీద పసుపు వేలిముద్ర. చొక్కా అంచుతో దాన్ని తుడిచి, వైరును కొత్త స్విచ్చిలో గుచ్చాడు. ఫైలు తెర మీద విచ్చుకుంది. మేనేజరు తన వేళ్ళు చూసుకున్నాడు. ఆయనకు అర్థమైంది. అయినా తప్పు కార్డుదేనని యజమానికి చెప్పి, ఆ పూటే మా వాణ్ణి పంపించేశాడు.

తర్వాత కోదాడలో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఏ యంత్రం తెచ్చినా, "ముందుగాల తొవ్వ సూద్దాం, మనిషిని తర్వాత తిడుదాం" అనేవాడు.

పని పోయిన రోజే సూర్యాపేట బస్సులో అడిగాను, "వైరు తప్పు గుచ్చింది ఆయనేనని ఎందుకు చెప్పలేదురా?" అని.

"దేవుని పని అనుకొని చేసిండు బావా. నలుగురి ముందట అంటే సిన్నబోతడు."

నేనైతే అనేవాణ్ణి. ఇప్పుడు అంటున్నాను. ఓర్పు గురించి ఎన్నో పుస్తకాలు చదివాను, ఏదీ ఒంటికి అంటలేదు. వాడు ఒక్కటీ చదవలేదు. ఆ బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వరిచేల మీద ఎండ వాలుతోంది. గాలికి చొక్కా అంచు లేస్తూ పడుతూ ఉంది. దాని కొసన పసుపు.