పద్నాలుగో రకం పెట్టె

మా బావగారి దగ్గర నూట పన్నెండు వీడియో గేము పెట్టెలున్నాయి. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడలు. టీవీకి తగిలించి, నెత్తిన క్యాసెట్ గుచ్చి ఆడుకునే పాత సరుకు. తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. చూసేవాళ్ళకి నూట పన్నెండూ ఒకటే. ఆయనకి మాత్రం పదమూడు రకాలు. అడుగున గాలి ఆడే గీతలు పదకొండా పన్నెండా, లోపల బోర్డు ఆకుపచ్చా గోధుమరంగా అని తిప్పి తిప్పి చూసి, ఇది మొదటి ఏడాదిదనో, ఇది ఫ్యాక్టరీ మారాక వచ్చిందనో తేల్చేస్తారు. ఎక్కడెక్కడివాళ్ళో ఫొటోలు పంపి ఆయన్నే అడుగుతారు.

"మా అక్కని ఏనాడైనా ఇంత పరీక్షగా చూశారా బావగారూ?" అని నేను ఏడిపిస్తుంటాను. ఆయన వినరు. వినే మనిషైతే ఇన్ని పెట్టెలెందుకు కొంటారు?

ఆ రకాల జాబితా టైపు చేసేది నేనే. ముప్పయ్యేళ్ళు ఆఫీసులో టైపు కొట్టి, ఇక చాలు బాబూ అని ఇంట్లో కూర్చుందామంటే ఈ కొలువు తగులుకుంది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళడం, కుర్చీ మీద పెట్టెలు దించి కూర్చోవడం, ఆయన చెప్పింది కొట్టడం. పోయిన వారం కొట్టింది ఈ వారం మార్పిస్తారు. ఒక్క గీత కోసం పేజీ అంతా తిరగరాయించిన రోజులున్నాయి. తల ప్రాణం తోకకొస్తుంది. అయినా వెళ్తాను. అక్కతో కాసేపు కూర్చోవచ్చు కదా అని.

అక్క పక్కగదిలో ఉంటుంది. అలసిపోయిన మనిషి. పెళ్ళయిన కొత్తలో బావగారి రిపేరు కొట్టులో ఆరేళ్ళు పనిచేసింది. బోర్డుకి సోల్డరింగ్ పెట్టడం ఆయన పని. పెట్టెలు కడగడం, విరిగిన భాగాలు మార్చడం, వైర్లు సర్ది మూసి కస్టమరుకి ఇవ్వడం ఆవిడది. కొట్టు మూసేశాక ఆ పెట్టెలే ఇంటికి నడిచొచ్చాయి. ముందు అలమరా పోయింది, తర్వాత మంచం కింద జాగా, ఆ తర్వాత హాలు. అక్క వాటిని తుడుస్తుంది గాని మొహం చూడదు.

ఎనిమిది నెలల క్రితం పాతసామాన్ల దుకాణంలో బావగారికి పద్నాలుగో రకం దొరికింది. పైమూత పాతది, అడుగుభాగం కొత్తది. అసలు విశేషం లోపలుంది. మిగతా రకాల్లో కరెంటు వైరు ఊడిరాకుండా ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకుంటుంది. ఇందులో క్లిప్పు లేదు. వైరుకే రెండు చుట్ల ముడి, దాని మీద తెల్ల టేపు. ఫ్యాక్టరీ మారే రోజుల్లో క్లిప్పులు అందక చేత్తో ముడులు వేసేవారని ఆయన సిద్ధాంతం కట్టేశారు. వచ్చినవాళ్ళకల్లా అదే చూపించేవారు. "ఎంత పొందికైన చెయ్యో చూడండి! ముప్పయ్యేళ్ళైనా ముడి సడలలేదు."

ఆయన కంట్లో అంత వెలుగు నేను ఈమధ్య చూడలేదు. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి, కొత్తగా చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. జాబితాలో ఆయన కనిపెట్టిందంటూ ఉన్నది ఈ ఒక్కటే. అది నిలిస్తే ఆయన నిలుస్తారు.

వేరే ఊళ్ళో ఒక మేష్టారు కూడా ఇవే పోగుచేస్తారు. ఆయన బావగారి జాబితా చదివి, "ఇది ఎవరో మెకానిక్ కలిపి కుట్టిన పెట్టెలా ఉంది. లోపలి ఫొటో దగ్గరగా తీసి పంపండి" అని రాశారు.

బావగారు ఇల్లు పీకి పందిరేశారు. "మెకానిక్ చెయ్యి నాకు తెలీదా? బోర్డు మీద ఒక్క సోల్డరింగ్ చుక్కైనా కొత్తది ఉందా? నాకు చెప్తాడా!"

ఆ ఆదివారం నేను ఫొటో తీయాలి. బావగారు పెట్టె విప్పారు గాని లైటు పట్టుకున్న చెయ్యి ఊగిపోతోంది. నాలుగు ఫొటోలూ మసకే. విసుగొచ్చి, "ఏమే, ఒకసారి ఇటు రా. ఈ లైటు పట్టుకో" అని పిలిచారు.

అక్క గిన్నెలు కడిగే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లైటు తీసుకుని లోపలికి వంచింది. నేను ఫొటో తీయబోతుంటే, "ఇది నా ముడి కదా" అంది.

"ఏంటి?"

"క్లిప్పు విరిగినవాటికి ఇలాగే వేసేదాన్ని. బోర్డు బాగుండి పెట్టె పగిలితే మీదాకా తెచ్చేదాన్ని కాదు. కుప్పలోంచి సరిపోయే ముక్క చూసి నేనే మార్చేదాన్ని. మీరు సోల్డరింగ్ మీద వంచిన తల ఎత్తేవారా?" అని ఆగింది. "టేపు కింద గుడ్డపీలిక ఉంటుంది చూడండి. దిండు గలీబుది. నీలం గళ్ళు."

ఆ టేపుని ఆయన ఎనిమిది నెలలుగా ముట్టుకోలేదు, ఆధారం చెడుతుందని. గోరుతో లేపబోతే చేతకాలేదు. అక్కే లేపింది. నీలం గళ్ళు.

నాకు ఆయన్ని చూస్తే పాపం అనిపించింది, ఒళ్ళు మండింది కూడా. ఆ చేత్తో వండింది ఇన్నేళ్ళు తిన్నారు కదా!

"ముందే చెప్పొచ్చుగా," అన్నారు బావగారు.

"నన్నెప్పుడు చూడమన్నారు?"

అక్క కోపంగా అనలేదు. అందుకే ఆయన ఇంకా కుంగిపోయారు. నావైపు తిరిగి, "జాబితాలోంచి పద్నాలుగోది కొట్టెయ్యి మరదలా," అన్నారు. కొట్టేశాను. "మేష్టారికి కూడా రాయి. ఆయన చెప్పిందే నిజం, అది మెకానిక్ పనేనని. ఆ మెకానిక్ మా ఆవిడ. నేనే గుర్తుపట్టలేదు."

టైపు చేస్తుంటే నాకు అక్షరాలు అలుక్కుపోయాయి.

పెట్టె మూయడానికి ఆయన స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. మొన గాడిలో నిలవడం లేదు. అక్క లైటు ఆయన చేతిలో పెట్టి, స్క్రూడ్రైవర్ లాక్కుంది. కడిగే గిన్నెలు వదిలేసి నేల మీద చతికిలబడి, ఒక్కో స్క్రూ సగం దాకా బిగించి, మళ్ళీ మొదటినుంచి గట్టిగా తిప్పుతోంది. మూత పక్కకి లాగకుండా అలాగే చేయాలట.

బావగారు వంగి చూస్తున్నారు.

"లైటు స్క్రూ మీద పట్టండి," అంది అక్క. "నా చేతి మీద కాదు."