ఫొటో అమ్మకు చెప్పిన చాడీలు

మా దగ్గర అమ్మ ముందు ఫొటోలో వస్తుంది. మనిషి తర్వాత వస్తుంది.

సూర్యాపేటలో పసిపిల్లలను ఉంచే ఒక గృహంలో నేను ఆయాను. కన్నవాళ్లు సాకలేక అప్పజెప్పిన పిల్లలు, ఎవరో ఎక్కడో వదిలేసిన పిల్లలు మా చేతుల్లో పెరుగుతారు. పెంచుకునేవాళ్లు కుదిరాక వెళ్లిపోతారు. ఆ కుదిరినవాళ్లు ముందుగా ఒక ఆల్బం పంపుతారు. అందులో అమ్మ, నాన్న, ఇల్లు, ఉయ్యాల ఉంటాయి. దాన్ని పొద్దున, సాయంత్రం పిల్లకు చూపించి "ఇదిగో అమ్మ" అని చెప్పడం మా పని. పాలు పట్టడం, ముడ్డి కడగడం లాగా అదీ ఒక డ్యూటీ.

ఈ పిల్ల మిర్యాలగూడ దవాఖాన నుంచి నా చేతికి వచ్చినప్పుడు బొడ్డు కూడా ఊడలేదు. ఆల్బం వచ్చేసరికి నా కొంగు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. మమ్మల్ని ఆయమ్మ అని పిలిపించుకోవాలని రూలు. దీనికేమో బద్ధకం. మొదటి సగం మింగేసి "మ్మా" అనేది. గృహం నడిపే మేడం వింటుంటే నేను గట్టిగా దగ్గేదాన్ని.

ఆల్బంలో ఫొటోల కింద అక్షరాలు రాసి ఉన్నాయి. వయసు మళ్లాక చదువు నేర్చుకున్నదాన్ని, వేలు పెట్టకుండా నాకు చదువు సాగదు. వేలు పెట్టి "అమ్మ" అని చదివాను. అక్షరాలు బాగానే ఉన్నాయి. పైన ఉన్న మనిషే నచ్చలేదు. పసుపుపచ్చ చీర కట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఒక్క రాత్రి నిద్ర చెడగొట్టుకోలేదు, ఒక్క గుడ్డ ఉతకలేదు, వచ్చీ రావడమే అమ్మయి కూర్చుంది. మనుషులతో సవతిపోరు పడ్డ ఆడవాళ్లు చాలామంది ఉంటారు. అట్టముక్కతో పడ్డది నేనే అనుకుంటాను.

"ముక్కు సూడు, మిరపకాయ బజ్జీ లెక్కున్నది" అని పిల్లకు చూపించాను. అది పకపకా నవ్వింది. పక్కన గుడ్డలు మడతపెడుతున్న మా తోటి ఆయా తలెత్తకుండానే, "నీకన్న నయమే అక్కా. ఆమెకు పండ్లన్న ఉన్నయి" అన్నది.

మాకు ఇలాంటి కడుపుమంట ఉంటుందని పైవాళ్లకూ తెలుసు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒకామెను పిలిపించి శిక్షణ పెట్టించారు. ఆమె గోడ మీద బొమ్మలు వేసి, పిల్లలను ప్రేమించాలి గానీ ముడి వేసుకోకూడదని చెప్పింది. ప్రేమ ఎక్కడిదాకా, ముడి ఎక్కడి నుంచి అని మా తోటి ఆయా అడిగింది. ఆ వచ్చినామె మంచి ప్రశ్న అని మెచ్చుకుని, సమోసాలు తిన్నాక చెబుతానన్నది. సమోసాలు బాగున్నాయి. జవాబు మాత్రం రాలేదు.

మా మేడం బొమ్మలు వేయలేదు, సూటిగా చెప్పింది. అంతకుముందు ఒక పిల్లవాడు, తీసుకుపోవడానికి వచ్చిన తల్లి దగ్గరికి వెళ్లకుండా ఆయా మెడకు వేలాడాడు. వచ్చినవాళ్లకు ధైర్యం పోయింది. మళ్లీ రాలేదు. వాడు మా దగ్గరే ఉండి ఉండి, పెద్దపిల్లల హాస్టలుకు పోయాడు. "ఈమెకు గట్ల కావొద్దు. నువ్వు సక్కగ సూపెడితేనే పోతది" అన్నది మేడం. ఆ రోజు నుంచి నేను ముక్కు మాట ఎత్తలేదు.

బిస్కెట్ ఇస్తే అమ్మ పంపిందన్నాను. కొత్త గౌను తొడిగినా, అరటిపండు ఒలిచినా అమ్మ పంపిందనే అన్నాను. మంచిదంతా ఫొటోకు కట్టబెట్టాను. చీమిడి తీయడం, చేదు మందు మింగించడం, చిక్కుజుట్టు దువ్వడం నాకు మిగిలాయి. పిల్ల తెలివిగలది, తొందరగానే పసిగట్టింది. నేను తల దువ్వగానే ఏడుస్తూ ఆల్బం దగ్గరికి పోయేది. నేను చదివేటప్పుడు పెట్టినట్టే వేలు పెట్టి, "మ్మా, ఆయ కొట్టె" అని చాడీలు చెప్పేది. కొట్టలేదు, చిక్కు తీశాను. అయినా ఫొటో వినేది, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వినేది. "మ్మా" అన్న పిలుపు అటు పోయింది. పిల్ల అంతకుముందు మింగేసిన ముక్క నాకు దక్కింది.

ఆ దంపతులు కోదాడ అవతల నుంచి కారులో వచ్చారు. ఆమె పసుపు చీరలో లేదు. చుడీదారు వేసుకుంది, కళ్లద్దాలు పెట్టుకుంది, భయంతో నవ్వడం మరిచిపోయింది. పిల్ల ఆమెను చూసింది, ఆమె ఒళ్లో తెరిచి ఉన్న ఆల్బం చూసింది, ఇదేదో మోసమని తేల్చుకుని నా కాళ్ల వెనక దాక్కుంది. బొమ్మ చూపించారు, రాలేదు. ఆయన కుక్కలా అరిచాడు, రాలేదు. బయట వీధికుక్క ఒకటి మాత్రం పలికింది. ఆమె నేల మీదే కూర్చుని చేతులు చాపి చాపి, చివరికి దించేసింది.

"నేను నచ్చలేదేమో అండీ" అన్నది మేడంతో.

నిజం చెప్పాలంటే నాకు లోపల పండగలా ఉంది. కానీ ఆమె ఆల్బం మూయబోతోంది. ఆ పిల్లవాడి కోసం వచ్చినవాళ్లూ ఇట్లాగే లేచి ఉంటారు. నేను సన్నపళ్ల దువ్వెన తెచ్చి, పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నూనె లేని తలను పరపరా దువ్వాను. అది కొంపలంటుకున్నట్టు ఏడ్చి, విదిలించుకుని, ఎప్పటిలాగే ఆల్బం దగ్గరికి పరిగెత్తింది. ఒళ్లో ఉన్న ఫొటో మీద వేలు పెట్టి, "మ్మా, ఆయ కొట్టె" అన్నది.

"నీకే చెప్తున్నది. తిట్టమ్మా నన్ను" అన్నాను.

ఆమె తడబడింది. "అయ్యో, కొంచెం మెల్లగా దువ్వొచ్చు కదండీ" అన్నది.

"గట్ల కాదు. అండీ గిండీ తీసేసి తిట్టు. ఇన్నొద్దుల సంది నా మీద చెప్తనే ఉన్నది. ఒక్కలన్న పట్టించుకోలె."

ఆమె నా మొఖం చూసింది. అర్థమైంది.

"ఏయ్, నా పిల్ల జుట్టు లాగడానికి నువ్వెవరు? ఆ దువ్వెన ఇటివ్వు."

పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఇంతకాలం నవ్వడమే తెలిసిన అమ్మకు మాట వచ్చింది. పిల్ల తలెత్తి పైకి చూసింది. ఫొటో మీది వేలు తీసి ఆమె గడ్డం మీద పెట్టింది. ఆమె ఎత్తుకుంటే వద్దనలేదు. ఆ భుజం మీది నుంచి నన్ను చూసిన చూపు, కోర్టులో గెలిచినవాళ్ల చూపు.

నువ్వెవరు అన్న మాట తగలాల్సిన చోటే తగిలింది. తిట్టమన్నది నేనే కాబట్టి ఎవరికి చెప్పుకోను? మా తోటి ఆయా నా చేతికి నీళ్లగ్లాసు ఇచ్చి, "పాపం అక్కా, చెప్పుకుందామంటే నీకు ఫొటో గూడ లేకపాయె" అన్నది.

కారులో ఆమె వెనకసీట్లో కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్లో ఉంది. టాటా చెప్పమని మేడం ఎంత అడిగినా ఇటు తిరగలేదు. దానికి తీరిక లేదు. కారు గేటు దాటి కోదాడ రోడ్డెక్కేదాకా, తెరిచిన అద్దంలో నుంచి నా మీద చాడీలు వినిపిస్తూనే ఉన్నాయి.