నాలుగో అడుగు

బొల్లారం షేర్ ఆటోలో నా పక్కనున్నాయన ఫోన్లో అరుస్తూనే ఉన్నాడు. పెళ్లి బరాత్‌లకు తిప్పే గుర్రానికి పొద్దున డెక్కలు చెక్కి వచ్చాడట. దానికి లాడాలు లేవు. ఒక డెక్క ముందు కొస ఎక్కువ తీసేశానేమోనని ఆయన భయం.

“సిమెంటు మీద నడిపియ్యి, ఫోన్ డెక్కల కాడ పెట్టు!” అని గుర్రం యజమానికి చెప్పాడు.

డ్రైవర్ భుజం తట్టి ఇంజిన్ ఆపించాడు. షిఫ్టుకు ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, ఫోన్ నా చెవికి ఆనించాడు.

“చెక్కింది నేనే కదా, నాకు అన్ని అడుగులు మంచిగనే ఉన్నట్టు ఇనబడ్తది. జెర నువ్వు ఇనక్కా.”

మూడు అడుగులు టక్కుమన్నాయి. నాలుగోది ఆనీ ఆనకుండా పడింది. అదే చెప్పాను.

“రాత్రికి బరాత్ ఉంది. ఫోన్ల చెప్తే గుర్రాన్ని ఆపరు,” అంటూ దిగి, వెనక్కి పోయే ఆటో కోసం పరుగెత్తాడు.

ఇప్పటికీ మా కిష్టారెడ్డిపేట సందులో బరాత్ పోతుంటే బాల్కనీలోకి వస్తాను. అందరూ బ్యాండుకు చిందులేస్తుంటారు. నేను ఆ మోత కింద నాలుగో అడుగు కోసం వెతుకుతాను.