కారుకి గొయ్యి తవ్విన బావ

మా బావ ఇళ్ళకి కరెంటు వైరింగు చేస్తాడు. ఏ ఇంటికి వెళ్ళినా ఆయన మొదటి ప్రశ్న "ఎర్త్ ఉందా?" గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, రాడ్డు దింపి, పచ్చ తీగ కడితే గానీ ఆయనకి ముద్ద దిగదు.

అంత జాగ్రత్త మనిషి, రేడియేటర్లో నీళ్ళు చూసుకోకుండా నడిపి అక్క కారు ఇంజను మాడ్చేశాడు. అది మా నాన్న కారు. పోయేముందు తాళం అక్క చేతిలో పెట్టి పోయాడు. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బావ ప్రాణం కుదుటపడేది. "ఆదివారం తుక్కాయన వస్తాడు. ఈలోగా స్టార్టయితే ఉంచుకుందాం, లేకపోతే ఇచ్చేద్దాం" అంది. ఆ తర్వాత ఆయనతో మాటలు బంద్.

"మెకానిక్‌కి ఇద్దాం బావా" అన్నాను.

"పాడుచేసింది నేను, బాగుచేసేదీ నేనే" అన్నాడు. ఇలాంటి మాటలు వినడానికి బాగుంటాయి, మొయ్యాల్సింది పక్కవాడు. వేరే కారులోంచి తీసిన ఇంజను ఒకటి తెచ్చి, గొలుసు కప్పీతో ఎత్తించి, నా నడుము విరగ్గొట్టి షెడ్డులో బిగించాడు. నాకు తెలిసిన మెకానిక్ పని సైకిల్‌కి గాలి కొట్టడం.

తాళం తిప్పితే లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, ఇంజను మాత్రం కిక్కురుమనలేదు. బ్యాటరీ మార్చాం. స్టార్టర్ మోటారు విప్పి బల్ల మీద తీగలు తగిలిస్తే గిర్రున తిరిగింది. మళ్ళీ బిగిస్తే అలిగి కూర్చుంది. పైగా యాక్సిలరేటర్ తీగ వేడెక్కి పొగలు కక్కింది.

"అదెందుకు కాలుతోంది బావా?"

"మధ్యలో మాట్లాడకు."

సరే, నాకెందుకని పానా అందించాను.

ఆదివారం పొద్దున్నే తుక్కాయన లారీ గేటు ముందు ఆగింది. బావ ముఖం చూసేసరికి నా కోపమంతా పోయి జాలేసింది. అక్క షెడ్డులోకి వచ్చింది. కారు కిందనుంచి గోడ కన్నంలోంచి బయటికి పోతున్న పచ్చ తీగని చూసింది.

"ఏంటిది?"

"ఎర్త్. ఇంజనుకి" అన్నాడు బావ, కాస్త గర్వంగానే. "పెరట్లో గొయ్యి తీసి మరీ వేశాను."

"మరి కారు రోడ్డెక్కితే గొయ్యి కూడా వెంట వస్తుందా?"

బావ నెత్తిన కొట్టుకుని పాత ఇంజను దగ్గరికి పరిగెత్తాడు. కారుకి ఎర్త్ అంటే నేల కాదు, దాని ఇనప ఒళ్ళే. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దాన్నుంచి బాడీకి ఒక లావుపాటి తీగ ఉండి తీరాలి. లేకపోతే కరెంటంతా సన్నటి యాక్సిలరేటర్ తీగ మీద పడి దాన్ని కాల్చేస్తుంది. ఆ లావు తీగ పాత ఇంజనుతోపాటే ఊడి వచ్చింది. దాని బదులు మా బావగారు ఏకంగా భూదేవికే కనెక్షన్ ఇచ్చారు.

తీగ బిగించడం చిటికెలో పని. బావ తాళం అక్కకే ఇచ్చాడు. ఆవిడ తిప్పింది. మోటారు తిరిగింది, ఇంజను దగ్గింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. దగ్గి, తుమ్మి, షెడ్డంతా పొగ నింపి, చివరికి అందుకుంది.

అక్క స్టీరింగు పట్టుకుని భోరుమంది. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి, పొగ మీదికి నెట్టను.

"మరి నేను ఉత్త చేతుల్తో పోవాలా అమ్మా?" అన్నాడు తుక్కాయన.

అక్క కళ్ళు తుడుచుకుంది. "ఈ షెడ్డులో పనికిరానిదేది కనబడినా పట్టుకెళ్ళండి" అంది. బావ ఒకడుగు వెనక్కి వేశాడు. అక్క ఆయన చొక్కా పట్టుకుని లాగి, "ఈయన్ని మాత్రం ఇవ్వను" అంది.