పదిహేడు ఖాళీ గడులు

నేను ఎప్పుడూ ఫుట్‌బాల్ ఆడలేదు. ఎవరైనా ఆడుతుంటే కుదురుగా కూర్చుని చూసిందీ లేదు. అయినా రెండేళ్ళకు పైగా నా పగళ్ళన్నీ బ్రెజిల్ వాళ్ళు అరవై ఏళ్ళ కిందట ఆడిన ఆటల మధ్యే గడిచాయి. మా కంపెనీ చిన్నది. పాత ఆటల వివరాలు వెతికి, సరిచూసి, వాటిని కావలసిన వెబ్‌సైట్లకు అందించడం దాని పని. ఒక పాత పారిశ్రామిక భవనంలో ఐదో అంతస్తు. ఊరికి ఉత్తరపు కొసన, యీషున్‌లో మా ఫ్లాట్ నుంచి ట్రైనూ, బస్సూ కలిపి గంట. అప్పటికే నా కుడి భుజం పట్టేసి ఆరు నెలలు. చెయ్యి పైకెత్తి ట్రైన్‌లో కమ్మీ పట్టుకోలేకపోయేదాన్ని. ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరి బ్యాగూ ఆ భుజానికి తగలకుండా చూసుకుంటూ వెళ్ళేదాన్ని.

మాకు అప్పగించింది 1959లో మొదలైన ఒక జాతీయ కప్పు. అంతకుముందు ఆ దేశంలో ఏ రాష్ట్రం పోటీలు ఆ రాష్ట్రానివే. దేశం మరీ పెద్దది, ప్రయాణాలు కష్టం. ఆ ఏడు మొదటిసారి పదహారు రాష్ట్రాల విజేతలను ఒక్క పోటీలోకి తెచ్చారు. సొంత ఊళ్ళో ఒక ఆట, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఒక ఆట, తేలకపోతే మూడోది. ఓడినవాళ్ళు ఇంటికి. ఆ కప్పు పదిసార్లు జరిగి ఆగిపోయింది. చాలాకాలం తర్వాత, అందులో గెలిచినవాళ్ళను కూడా దేశ విజేతలుగానే లెక్కిస్తామని అక్కడి ఫుట్‌బాల్ పెద్దలు ఒప్పుకున్నాక, ఆ పాత సీజన్ల మీద అందరికీ మళ్ళీ ఆసక్తి పుట్టింది. ప్రతి ఆటకూ ప్రతి గోలూ ఎవరు వేశారో కావాలన్నారు. ఆ మొదటి సీజన్ నాకూ, నా పక్క సీటులో కూర్చునే భాయ్‌కీ వచ్చింది.

భాయ్‌ది హైదరాబాద్. అరవై దాటాయి. ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్ళు. లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు ఇక్కడి చిన్న చిన్న లీగుల్లో రిఫరీగా ఉండేవాడట. మోకాళ్ళు అరిగాక విజిల్ పక్కన పెట్టి, రిటైరయ్యాక ఈ పనిలో చేరాడు. నన్ను మొదటి రోజు నుంచీ ‘అమ్మా’ అనే పిలిచాడు. నేను అందరిలా అంకుల్ అనబోతే, అంకుల్ వద్దు, ఇక్కడ బస్ డ్రైవర్ నుంచి డాక్టర్ దాకా అందరూ అంకులే, భాయ్ అను చాలు అన్నాడు.

పని ఇలా ఉండేది. అప్పటి బ్రెజిల్ పత్రికల ఫోటోలు తెర మీద తెరుచుకుంటాయి. వాళ్ళ భాషను ఇంగ్లీషులోకి మార్చే ప్రోగ్రామ్ ఒకటి పక్కన నడుస్తుంటుంది. ఒక గోలు ఎవరిదో రాయాలంటే రెండు వేరువేరు పత్రికలు ఒకే పేరు చెప్పాలి. చెప్పకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. నేను నింపుతాను, భాయ్ సరిచూసి తన పేరు పెడతాడు. ఇద్దరి పేర్లూ ఉంటేనే ఆ ఆట పూర్తయినట్టు.

ఫైనల్‌తో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. దాని గురించి కావలసినంత రాశారు. ఈశాన్య తీరం నుంచి వచ్చిన జట్టును ఎవరూ లెక్కచేయలేదు. ఎదుటిది అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకునే జట్టు. దాని సొంత మైదానంలోనే మొదటి ఆటను వీళ్ళు మూడు రెండుతో గెలిచారు. తమ ఊళ్ళో పండగ చేసుకుందామనుకున్నవాళ్ళు అక్కడ రెండు సున్నాతో ఓడారు. మూడో ఆట కోసం దాదాపు మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. చివరికి రియోలో మూడు ఒకటితో గెలిచి మొదటి కప్పు పట్టుకుపోయారు. కింద క్యాంటీన్‌లో మధ్యాహ్నం టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపుకుని, ఇక్కడి మాటలో చోప్ చేసుకుని, భాయ్ ఇదంతా నాకు అన్నం మెతుకులతో మైదానం గీసి మరీ చెప్పాడు. ఆ మూడు నెలలు వాళ్ళకు నిద్ర ఎలా పట్టిందో అని నేను అడిగితే నవ్వాడు.

తంటా అంతా మొదటి రౌండ్లతోనే. చిన్న రాష్ట్రాలు, చిన్న పత్రికలు. సరిగ్గా పేరు ఉన్నచోటే కాగితం మడత పడి ఉండేది, లేదా చెద తినేసి ఉండేది. ఒక పత్రిక ఒక పేరు రాస్తే ఇంకొకటి ఇంకో పేరు రాసేది. అలా పదిహేడు గడులు ఖాళీగా మిగిలాయి.

అప్పుడే మాకు కొత్త మేనేజర్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చెడ్డ మనిషి కాదు. ఆమె మీదా పైవాళ్ళ ఒత్తిడి ఉండేది. శుక్రవారానికల్లా సీజన్ మూసెయ్యాలని చెప్పింది. ప్రోగ్రామ్ కూడా మారింది. ఖాళీ గడిలో అది తనంతట తాను ఒక పేరును బూడిదరంగులో చూపించేది. ఒక్క మీట నొక్కితే ఆ పేరు నల్లబడి కూర్చునేది.

ఆ గురువారం భాయ్ మోకాలి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. ముందురోజు మా అమ్మాయి పరీక్షల గురించి స్కూల్ వాళ్ళు పిలిచి మాట్లాడారు. మా ఆయన షిప్‌యార్డ్‌లో వారం తప్పించి వారం షిఫ్టు మారుతూ ఉంటాడు. ఇంట్లో వంటా, బట్టలూ, స్కూల్ వాళ్ళతో మాటలూ అన్నీ నావే. భుజం నొప్పికి నిద్ర లేదు. ఇవేవీ సాకులని చెప్పడం లేదు. నాకంటే అలసినవాళ్ళు ఆ ట్రైన్‌లో నా చుట్టూ నిలబడి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం మూడింటికి మొదటి గడిలో మీట నొక్కాను. పేరు నల్లబడింది. ఆధారాలు రాసేచోట ఒకే పత్రికను రెండు పేజీ సంఖ్యలతో రెండుసార్లు వేశాను. తర్వాత రెండో గడి. పదిహేడూ అయ్యేసరికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. లేచి వెళ్ళి టీ తెచ్చుకున్నాను. తప్పు చేశానన్న బెరుకు కూడా అప్పుడు కలగలేదు. కాసేపు ఖాళీగా కూర్చోవచ్చన్న సుఖం ఒక్కటే తెలిసింది.

మర్నాడు భాయ్ కుంటుకుంటూ వచ్చి తెర చూశాడు.

“అన్నీ దొరికినయా అమ్మా?”

“దొరికాయి భాయ్.”

ఆయన కిందిదాకా ఒకసారి చూసి పేరు పెట్టాడు. సీజన్ మూసుకుంది. మేనేజర్ అందరికీ కరిపఫ్‌లు తెప్పించింది.

నాలుగు నెలలకు ఒక ఉత్తరం వచ్చింది. మెయిలే, కానీ ఉత్తరంలాగే రాసి ఉంది. బ్రెజిల్ ఈశాన్యంలోని ఒక చిన్న ఊరి నుంచి రిటైరైన స్కూలు టీచరమ్మ రాసింది. ఆ మొదటి సీజన్‌లో, మొదటి రౌండ్‌లోనే వెళ్ళిపోయిన ఒక జట్టులో వాళ్ళ నాన్న ఆడాడట. ఆ కప్పులో ఆయన వేసింది ఒకే ఒక గోలు. దానివల్ల ఏమీ మారలేదు, జట్టు ఓడిపోయింది. మనవలు ఫోన్‌లో తాతగారి పేరు వెతికితే ఆ గోలు ఇంకొకాయన పేరు మీద కనబడింది. ఆ ఇంకొకాయన వాళ్ళ వీధివాడే, నాన్నకు స్నేహితుడు. ఆ గోలు తనది కాదనీ, పత్రికవాడు పొరబడ్డాడనీ బతికినన్నాళ్ళూ తనే చెప్పేవాడట. ఇద్దరూ పోయారు. ఇంట్లో దాచిన ఒక ఊరి పత్రిక ముక్కను ఫోటో తీసి పంపింది. కోపంగా ఒక్క మాట లేదు. చివర మాత్రం, మీ దగ్గర ఇంకో ఆధారం ఉంటే పంపండి, చూసి నమ్ముతాను అని రాసింది.

మేనేజర్ దాన్ని మా ఇద్దరికీ పంపి, చూడమంది. నేను చదువుతుండగానే భాయ్ తన తెర మీద ఆ ఆట తెరిచాడు. ఆధారాల గడిలో ఒకే పత్రిక రెండుసార్లు ఉండటం ఆయనకు ఒక్క చూపులో కనబడింది. పై గడి తెరిచాడు. కింది గడి తెరిచాడు. ఆయన వేలు మౌస్ మీద ఆగిపోయింది.

“నేనే నింపాను భాయ్,” అన్నాను. “వెతకలేదు. పదిహేడూ అంతే.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనిపించింది.

“కింద నా పేరు గూడ ఉంది గదమ్మా,” అన్నాడు.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, నా వైపు చూడకుండానే, తన రిఫరీ రోజుల సంగతి ఒకటి చెప్పాడు. వాన పడుతున్న ఒక ఆటలో బంతి గీత దాటిందో లేదో ఆయనకు కనబడలేదు. పక్కన జెండా పట్టుకున్నాయనకూ కనబడలేదు. గోలు ఇవ్వలేదు. ఆట అయ్యాక మైదానం బయటిదాకా వెంటపడి తిట్టారు. అది నిజంగా గోలేనేమో ఇప్పటికీ తెలియదన్నాడు.

“సూడనిది సూసిన అని రాయొద్దు, గంతే. ఎరుక లేకపోతే ఎరుక లేదనే ఉంచాలె.”

నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆమె విని, నుదురు రుద్దుకుని, ఆ ఒక్క గోలు సరిచేసి ఆవిడకు జవాబు రాయమంది. మిగిలినవాటికి ఇప్పుడు గంటలు కేటాయించలేనంది. ఇంకో సీజన్ అప్పటికే మొదలైపోయింది. అంతటితో మాట అయిపోయింది. నా తప్పు ఆమె రోజులో ఐదు నిమిషాలు పట్టింది.

ఆ గోలుకు మా దగ్గరి పత్రిక ఒకటి వాళ్ళ నాన్న పేరే రాసింది, ఆవిడ పంపిన ముక్కతో రెండయ్యాయి. మార్చేశాను. తక్కిన పదహారింటినీ భాయ్, నేను భోజనాల వేళ వెతకడం మొదలుపెట్టాం. మొదటిరోజు కిందికి వెళ్ళకుండా ఆయన టిఫిన్ డబ్బా టేబుల్ మీదే తెరిచాడు, నేనూ నాది తెరిచాను. ఐదు వారాలు పట్టింది. బ్రెజిల్‌లో పాత పత్రికలు దాచిన చిన్న గ్రంథాలయాలకు రాశాం. కొందరు జవాబిచ్చారు, కొందరు ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికి చేరేసరికి నాకు కళ్ళు మండేవి. ఒకరోజు చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడితే మా అమ్మాయి వచ్చి, “అమ్మా, యూ సో టయర్డ్ ఆల్రెడీ. హూ కేర్స్ అబౌట్ దట్ గోల్, లా,” అంది. దాని చేతిలోని మంచినీళ్ళ సీసా తీసుకుని తాగాను.

చివరికి తొమ్మిదింటికి రెండో ఆధారం దొరికింది. అందులో ఆరు ప్రోగ్రామ్ చూపించిన పేర్లే, మూడు తప్పు. ఆ ఆరూ సరైనవని తేలినప్పుడు మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. అవి సరైనవని మీట నొక్కినప్పుడు నాకు తెలియదు కదా. మిగిలిన ఏడు గడుల్లో పేర్లు తుడిపేశాను. సీజన్ ‘అసంపూర్ణం’ అని మళ్ళీ ఎర్రగా చూపించింది.

టీచరమ్మకు జవాబు నేనే రాశాను. మా దగ్గర ఇంకో ఆధారం లేదనీ, వెతక్కుండానే పేరు వేశామనీ రాశాను. ‘వేశాము’ అన్నచోట చెరిపి ‘వేశాను’ అని మార్చాను. మూడు వారాల తర్వాత రెండు వాక్యాలు వచ్చాయి. మార్చినందుకు కృతజ్ఞతలు. నాన్న ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, దాన్ని కూడా దయచేసి సరిచేయండి. నిజంగానే తప్పు పడింది. సరిచేశాను.

ఆ ఏడాది చివర భాయ్ కాంట్రాక్టు పొడిగించలేదు. నావల్ల కాదు, ఆయన వయసువాళ్ళు ముగ్గురికీ అలాగే జరిగింది. అయినా ఆయన సీటు పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ ఏడు ఖాళీ గడులు నా కళ్ళముందు మెదిలేవి. నెల తిరక్కుండా భాయ్ మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం బిషాన్‌లో వాళ్ళింటికి పళ్ళు తీసుకుని వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసి, ఇప్పుడే మందు వేసుకున్నాడని చెప్పి కూర్చోబెట్టింది. భాయ్ కాలు దిండు మీద పెట్టుకుని పడక కుర్చీలో ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు. భుజం ఎట్లుందని అడిగాడు. ఇంకా పూర్తిగా లేవడం లేదని చెప్పాను. గోడ మీద వేళ్ళతో పాకిస్తూ రోజూ కొంచెం పైకి జరపమని, ఎలాగో తన చేత్తో చూపించాడు.

నేను ఆఫీసు సంగతులు మొదలుపెట్టాను. తర్వాతి సీజన్ ఎక్కడిదాకా వచ్చిందో, కొత్తగా వచ్చిన పిల్ల ఎంత వేగంగా నింపుతుందో చెబుతున్నాను. మధ్యలో ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. మాట ఆపితే లేస్తాడేమోనని గొంతు తగ్గించుకుంటూ మెల్లగా ఆపాను. వాళ్ళావిడ వంటింట్లో ఏదో కడుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. నేనూ ఆ కుర్చీలో తల వెనక్కి వాల్చాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లేచేసరికి నా మోకాళ్ళ మీద పల్చటి దుప్పటి కప్పి ఉంది. భాయ్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఆవిడకు సైగ చేసి చెప్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, లిఫ్ట్ దగ్గరికి నడిచాను.