నేను తీసిన పంతొమ్మిది ఫొటోలు

మొన్న మా అమ్మాయికి పార్శిల్ వచ్చింది. అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గదంతా పరుచుకుంది. లోపల అగ్గిపెట్టె కంటే చిన్న కెమెరా, తాళంచెవులకు తగిలించుకునే గొలుసుతో సహా. చేతిలో అంత మంచి ఫోను పెట్టుకొని ఇదెందుకే అంటే, ఇందులో ఫొటోలు మసగ్గా వస్తాయమ్మా, అదే అందం అంది. ఎండలో తీస్తే ముఖం సున్నం కొట్టినట్టు, నీడలో తీస్తే మసి పూసినట్టు వస్తోంది. మీట నొక్కాక అది తీరిగ్గా ఆలోచించుకొని తీసేలోపు ఎదుటి మనిషి నవ్వడం మానేస్తాడు. చార్జింగు పట్టుమని గంట నిలవదు. అయినా దాన్ని మెడలో వేసుకొని ఇల్లంతా తిరుగుతోంది. ఆ వాసన తగిలిన దగ్గర్నుంచి నాకు మాత్రం కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది. మర్యాదకు ఇంకో పేరు పెట్టను, అది అసూయే. కరుణ మీద అసూయ.

కరుణ మా చిన్నమ్మ కూతురు, నాకంటే ఆరు నెలలు చిన్నది. విడవలూరుకు తూర్పున, గాలి ఇటు మళ్లితే సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా ఊరు. చిన్నమ్మ భర్త జ్వరమొచ్చి పోయాక, నాలుగేళ్ల కరుణను మా ఇంట్లో వదిలి ఆమె కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. ఆ రోజు నుంచి మా అమ్మకు ఆ పిల్లను చూసుకోవడం ఒక వ్రతమైపోయింది. మామిడికాయ వేసి చేపల పులుసు పెడితే పొట్టముక్క కరుణకు, తోకముక్క నాకు. ఆదివారం చర్చికి పోయేముందు కాగులో మొదటి వేణ్ణీళ్లు కరుణకు, అడుగున మిగిలిన గోరువెచ్చనివి నాకు. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ఇల్లంతా బెల్లం పాకం వాసనతో నిండిపోయి, అవ్వ పొయ్యి ముందు పీట వేసుకొని అరిసెలు వత్తుతుంటే, నూనెలోంచి తీసిన మొదటి అరిసెను అమ్మ ఊది ఊది ఆ పిల్ల చేతికే ఇచ్చేది. నేను మూతి ముడిస్తే ఒకటే మాట.

"అమ్మ దగ్గర లేని బిడ్డ గదమ్మే, నువ్వే సర్దుకోవాల."

అమ్మ దగ్గరుండడమే నేను చేసిన తప్పన్నట్టు సర్దుకునేదాన్ని. లోపల మాత్రం కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని.

మాకు ఎనిమిదేళ్లప్పుడు, వానలు వెనకబట్టి మడుల్లో నాట్లు పడుతున్న రోజుల్లో, కువైట్‌లో చిన్నమ్మతో పాటు పనిచేసే నాయుడుపేట అక్క సెలవు మీద వచ్చి మా ఇంటికొచ్చింది. అమ్మకు సెంటు సీసా, అవ్వకు దుప్పటి, నాకు ఖర్జూరాల పొట్లం ఇచ్చింది. కరుణకు ఒక ఎర్ర గౌను, దాని మడతల్లో నీలం రంగు బుల్లి కెమెరా.

"మీ అమ్మ బజార్లో కొనింది పాపా. దీన్నిండా నీ ఫొటోలు తీయించుకో. పండగ మర్నాడు నేనొచ్చి తీసకపోతా. ఆ ఇంటి పిల్లోడు కంప్యూటర్లో పెట్టి మీ అమ్మకు చూపిస్తానన్నాడు."

దానికి తెర లేదు, ఫ్లాష్ లేదు. కన్ను పెట్టి చూసే కంత, ఒక మీట, ఎన్ని తీశామో చెప్పే అంకె, అంతే. ఇరవై దాటితే ఇంక తీయదు. తీసింది ఎలా వచ్చిందో మాకు తెలిసే దారి లేదు, సముద్రం దాటి కువైట్‌లో తేలాల్సిందే. అయినా నా కంటికి లోకంలో అంతకు మించిన వస్తువు లేదు. ఫొటో అంటే నూనె రాసి దువ్వించుకొని, బస్సెక్కి స్టూడియోకు పోయి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఇదైతే గుప్పెట్లో పట్టుకొని మేకపిల్ల వెనక పరిగెత్తవచ్చు.

ఫొటోలో కరుణ ఉండాలి గనక మీట నొక్కేది నేను. అలా దాని లోపాలన్నీ నాకే తెలిశాయి. సూర్యుడు నా వీపు మీద ఉండాలి, చెయ్యి వణక్కూడదు, నొక్కాక మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆ పిల్ల కదలకూడదు. నెల రోజులు బడి వదలగానే ఆమె వెంట తిరిగాను. సరుగుడు తోపులో రాలిన ఆకు మీద కూర్చోబెట్టి ఒకటి, రొయ్యల గుంట గట్టు మీద, వెనక నీళ్లలో చక్రాలు తిరుగుతుండగా ఒకటి, తాటాకుల చర్చి ముందు, అవ్వ ఒళ్లో, మేకపిల్లను చంకనెత్తుకొని, పలక మీద తన పేరు రాసి పట్టుకొని, ఊడిన పన్ను సందు కనిపించేలా నోరు తెరిచి. అచ్చనగాయలు గాల్లోకి ఎగరేసే ఫొటో కోసం నాలుగు సార్లు తీశాను, నాలుగు సార్లూ అది కన్ను తెరిచేసరికి రాళ్లు నేల మీదే ఉన్నాయి. పంతొమ్మిది అయ్యాయి. అన్నీ నేనే తీశాను, ఒక్కదాంట్లోనూ నేను లేను.

"ఒక్కదాంట్లో నేనూ నిలబడతానే, అవ్వను నొక్కమందాం" అని అడిగాను.

"మా అమ్మ చూడాల్సింది నన్ను గదా. నిన్ను చూసి ఏం చేసుకుంటాది?" అంది కరుణ. పొగరుతో అన్న మాట కాదు, ఉన్నమాటే. అందుకే మరీ మండింది.

నాకు కావలసింది గౌనూ కాదు, కెమెరా కూడా కాదని ఇప్పుడు తెలుస్తోంది. అంత దూరాన ఒక మనిషి ఆ పిల్ల ముఖం కోసం మొహం వాచి ఉంది. నా ముఖం కోసం ఎవరూ మొహం వాచలేదు. పొద్దున లేస్తే మా అమ్మ కళ్లెదుటే ఉండేదాన్ని, ఆమె నన్ను చూడకుండానే జడ వేసి పంపేది.

ఇరవయ్యోది పండగ రోజు ఎర్ర గౌనులో తీయాలని కరుణ అట్టిపెట్టుకుంది. క్రిస్మస్ ఆరాధన ముగిసి, వడలూ మాంసం కూరా తిని, పెద్దవాళ్లు చాపల మీద వాలగానే, నేను కెమెరా వెనక మూత గోటితో ఊడదీసి బ్యాటరీ తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఆ ఒక్కటీ పడకూడదు, అంతే నా ఉద్దేశం. తీసినవి రీలులో ఉన్నట్టు లోపల భద్రంగా ఉంటాయనుకున్నాను. కరుణ గౌను వేసుకొని, పౌడరు రాసుకొని వాకిట్లో నిలబడింది. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే పొట్టముక్క తిన్నంత తృప్తిగా ఉండింది నాకు.

సాయంత్రం జాలేసిందో భయమేసిందో, బ్యాటరీ మళ్లీ పెట్టాను. అంకె సున్నా చూపించింది. తీసి పెట్టాను, ఊదాను, దులిపాను. సున్నా. అలాంటి చవక కెమెరాలకు జ్ఞాపకం బ్యాటరీ ఉన్నంతసేపేనని, అది తీస్తే అన్నీ పోతాయని ఎవరూ మాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున నాయుడుపేట అక్క ఆటోలో వచ్చింది. అమ్మ అరిసెలు కడుతోంది, కరుణ వాళ్లమ్మకు ఉత్తరం రాస్తోంది. కెమెరా తుడిచి తెస్తానని నేను గడ్డివామి వెనక్కి పోయాను. అంకె ఇరవై కావాలి. గోడను తీసినా, గొడ్డును తీసినా అయ్యేది. నేను చెయ్యి చాచి కెమెరాను నా వైపు తిప్పుకున్నాను. నవ్వుతూ, నవ్వకుండా, తల వంచి, జడ ముందుకు వేసుకొని, నా ముఖమే ఇరవై సార్లు తీసుకొని పట్టుకెళ్లి ఇచ్చాను. కరుణ అంకె చూసింది.

"ఇరవై అయినాయే, నా గౌను ఫొటో పడిందా?"

"పడింది. ఆలస్యంగా తీస్తాది గదా అది" అన్నాను.

రెండు నెలలకు మా నాయన సెల్లుకు చిన్నమ్మ ఫోను చేసింది. "ఎంత ఎదిగిపోయినావు బిడ్డా, అన్నీ చూసినా. ఒకటి కాగితం మీద తీయించి వంటింట్లో అంటించుకున్నా" అని ఏడ్చిందట. కరుణ ఊరంతా చెప్పుకొని తిరిగింది. చిన్నమ్మకు తెలిసి దాస్తోందేమోనని, ఫోను మోగినప్పుడల్లా నేను పెరట్లోకి పోయేదాన్ని. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ ఏడే నాయుడుపేట అక్క పని మానుకొని వచ్చేసింది, కెమెరా అక్కడే పోయింది, మళ్లీ ఫొటోలు పంపే దారి లేకపోయింది.

ఇంకో రెండేళ్లకు, వెళ్లిన ఆరేళ్లకు గాని చిన్నమ్మకు సెలవు దొరకలేదు. ఆటో ఆగేసరికి కరుణా నేనూ పక్కపక్కనే నిలబడి ఉన్నాం. అక్కచెల్లెళ్ల బిడ్డలం, ఇద్దరికీ అవ్వ ముక్కే. చిన్నమ్మ దిగి, పెట్టెలు కూడా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చి నన్ను కావిలించుకుంది. నా జుట్టు వాసన చూసింది, నుదురు ముద్దాడింది, "నా తల్లీ, నా తల్లీ" అంటూనే ఉంది. అబద్ధమెందుకు, నేనూ ఆమె మెడ చుట్టూ చేతులు వేశాను. నన్ను అంత గట్టిగా అంతకుముందు ఎవరూ పట్టుకోలేదు.

"అమ్మా, నేను కరుణని" అంది పక్కనుంచి ఆ పిల్ల, ఏదో తప్పు చేసినట్టు మెల్లగా.

అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. చిన్నమ్మ చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. రెండేళ్ల వంట పొగకు పచ్చబడిన, కళ్లూ నోరూ చెదిరిపోయిన ఒక పిల్ల ముఖం. రోజూ దానికి గుడ్ నైట్ చెప్పి పడుకునేదట. దాన్ని ఒకసారి చూసి మా అమ్మ చేతిలో పెట్టేసి, కరుణ వైపు తిరిగింది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కరుణ పది రోజులు మాట్లాడలేదు, పదకొండో రోజు అచ్చనగాయలకు మనిషి తక్కువై పిలిచింది.

ఇప్పుడు కరుణ నెల్లూరులో నర్సు. చిన్నమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. నేను ఎప్పుడు వెళ్లినా మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నమ్మ పక్కన చోటు చూపించి, "ఆ పంతొమ్మిదీ ఇంకోసారి చెప్పమ్మే" అంటుంది. ఆ కంతలోంచి చూసింది నేనొక్కదాన్నే గనక చెబుతాను. ఆ సరుగుడు తోపు కొట్టేసి గుంటలు తవ్వారు, తాటాకుల చర్చి స్థానంలో స్లాబు వేశారు, అవ్వ పోయింది, మా వీధిలో అచ్చనగాయలు ఆడే పిల్లలే లేరు; నేను చెప్పేటప్పుడు మాత్రం ఎండ నా వీపు మీద ఉంటుంది, కరుణ కదలకుండా ఉంటుంది. పన్ను ఏ పక్కది, మేకపిల్ల తెల్లదా నల్లదా, పలక మీద రాత వంకరగా ఉందా అని చిన్నమ్మ కళ్లు మూసుకొని అడుగుతుంది. పంతొమ్మిదీ అయ్యాక తృప్తిగా నిట్టూర్చి లేస్తుంది. మిగతా ఇరవై గురించి, గడ్డివామి వెనక ఆ పొద్దుటెండలో ఆ పిల్ల ఎలా ఉందో, ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.